చాలు అనే పానా

నమోదు 1

పనిముట్ల గది సంఘం వారికి. సొంతంగా పనిముట్లు ఇంటికి తీసుకెళ్లే హక్కు కావాలనుకునేవాళ్లు వానాకాలమంతా తాము చేసిన పనిని రాసి చూపించాలన్నారు. రాస్తున్నాను. నా పేరు పైడి. పన్నెండో తరగతి చదువుతున్నాను. మా అమ్మ సూరీడమ్మ మన కాలనీ డయాలసిస్ బండి నడుపుతుంది. కిడ్నీలు చెడిపోయినవాళ్లను వారానికి రెండుసార్లు ఘాట్ రోడ్డు మీదుగా కిందికి, సముద్రం ముంచకుండా వదిలిపెట్టిన ఊరి ఆసుపత్రికి తీసుకెళ్లి తీసుకొస్తుంది. మెకానిక్కులెవరూ ఈ కొండ ఎక్కరు. ఎవరి బండి వాళ్లు ఇంటి ముందే బాగుచేసుకోవాలి.

ఈ రోజు పని: ముందు ఎడమ చక్రం తీసి బ్రేకు దిమ్మలు మార్చడం. బండిని చదునైన చోట పెట్టాం. వెనక చక్రాలకు రాళ్లు అడ్డం వేశాను. బ్యాటరీ మీట తీసి జేబులో వేసుకున్నాను. బ్రేకుల దుమ్ము కంట్లో పడకుండా కళ్లజోడు పెట్టుకున్నాను. నట్లకు పన్నెండు మూలల సాకెట్ కాకుండా ఆరు మూలల సాకెట్ ఎంచుకున్నాను. పన్నెండు మూలలది తొందరగా తగులుకుంటుంది కానీ జారి నట్టు అంచులు అరగదీస్తుంది. తొందరగా తగులుకునేదాన్ని నమ్మకూడదని నాకు అనిపిస్తుంది. ఇది పనిముట్ల గురించి మాత్రమే రాస్తున్నాను.

చక్రం తిరిగి వేశాక మీరిచ్చిన చెప్పే పానాతో, బిగువు సరిపోగానే గొంతెత్తి చెప్పేదానితో, బిగించాను. అది మెత్తటి ఆడగొంతుతో "చాలు" అంది. ఆపేశాను. అమ్మ పానాను రెండు చేతుల్లోకి తీసుకుని, కళ్లకద్దుకుని, ఆనవాయితీ ప్రకారం దీవించింది.

"సల్లగుండు తల్లీ. మా చేతులు నొప్పెట్టకుండా సూసినావు."

పానా పిడి మీద పచ్చ దీపం వెలిగింది. దీవెన అందిందన్న గుర్తు.

ఒక్క సంగతి రాయాలి. చాలు అన్నప్పుడు నా చేతిలో ఇంకా బలం మిగిలింది.

నమోదు 4

ఈ ముసురులో ఘాట్ రోడ్డు సగం బురద. రెండో మలుపు దగ్గర ముందు ఎడమ చక్రం టకటకమందట. అమ్మ బండి ఆపి దిగి చూస్తే ఒక నట్టు వేళ్లతోనే తిరిగిందట. లోపల ఐదుగురు రోగులు. ఒకపక్క కొండ, రెండోపక్క ఏమీ లేదు.

అమ్మ ఈ మాట వంటింట్లో చింతపండు పిసుకుతూ చెప్పింది. మామూలు సంగతి చెప్పినట్టే చెప్పింది కానీ, పులుసులో ఉప్పు వేయడం మర్చిపోయింది.

"ఎవలైనా వదుల్సేసినారేమో అమ్మా," అన్నాను.

"ఎవలు సేస్తారే? ఎందుకు సేస్తారు?"

నా దగ్గర ఒక పేరుంది. నిన్న పొద్దున్న పళ్లు తోముకుంటూ కిటికీలోంచి చూశాను. పక్కింటి గౌరునాయుడు మావ మా బండి ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి, చెప్పు తెగిందన్నట్టు కాలు చూసుకుంటూ వెళ్లిపోయాడు. కాలికి చెప్పులే లేవు. డయాలసిస్ బండి పని తనకివ్వాలని పోయిన సమావేశంలో అరిచింది ఆయనే.

'వదులు' అన్న మాట భలే మాట. పలికేటప్పుడు నాలుక కూడా దేన్నో జారవిడిచినట్టు ఉంటుంది. 'బిగింపు' అంటే పెదవులు రెండుసార్లు మూసుకుంటాయి. ఈ రెండు మాటల మధ్య మా అమ్మ రోజూ కొండ దిగుతోంది.

నమోదు 7

గౌరునాయుడు మావకు ఉచ్చు వేశాను.

నట్లన్నీ చెప్పే పానాతో మళ్లీ బిగించాను. "చాలు" అంది. ఆపాను. తర్వాత నా ఎర్ర గోళ్ల రంగుతో ప్రతి నట్టు మీదనుంచి చక్రం మీదికి ఒక సన్నని గీత గీశాను. నట్టు కాస్త తిరిగినా గీత రెండు ముక్కలవుతుంది. వానకు చెరగదు. చూసినవాళ్లు ఎవరో ఆడపిల్ల పిచ్చి అనుకుంటారు.

అమ్మ అలాగే అనుకుంది. "బండికి కూడా సింగారమేటే?"

పొద్దున్నే వెళ్లి చూశాను. గీతలన్నీ అతుక్కునే ఉన్నాయి. రాత్రి ఎవరూ తాకలేదు. మావ గుమ్మంలో కూర్చుని నన్నే చూస్తున్నాడు. నేనూ ఆయన్నే చూశాను. ఇద్దరం నవ్వలేదు.

నమోదు 8

బండి తిరిగొచ్చింది. మూడు గీతలు విరిగాయి.

దారిలో బండిని ఎవరూ ముట్టుకోలేదని అమ్మ ఒట్టేసి చెప్పింది. ఆసుపత్రి దగ్గర బండిలోనే కూర్చుని అన్నం తిన్నదట. అంటే నట్లు వాటంతట అవే వదులయ్యాయి. లేదా మొదటినుంచీ సరిగ్గా బిగియలేదు.

కొత్త నట్లు వేశాను. మరలు శుభ్రంగా తుడిచి, తుప్పు లేకుండా వైరు బ్రష్షు పెట్టాను. మళ్లీ అదే పానా. మళ్లీ అదే "చాలు". ఈసారి ఇంకా ముందే అన్నదనిపించింది. నా అనుమానం మీద నాకే అనుమానం కలిగి నిజంగా ముందే అన్నదో లేదో చెప్పలేను.

నమోదు 10

ఈ నమోదు ఆపి ఆపి రాస్తున్నాను. అక్షరాలు బాగా లేకపోతే క్షమించాలి.

బండి కింద నూనె కారుతోందని అమ్మ చూడబోయింది. జాకీ పెట్టి ఎత్తాం. మన జాకీ కూడా మాట్లాడేదే. ఎత్తాక "నిలిచాను" అంటుంది. అది అన్నాక కిందికి దూరడం కాలనీలో అందరికీ అలవాటు. నేను మాత్రం అటక మీంచి తాత నాటి ఇనప స్టాండ్లు దింపాను. తుప్పు తుడిచి, పిన్నులు సరిగ్గా పడుతున్నాయో లేదో లాగి చూసి, బండి చట్రానికి గట్టి భాగం ఎక్కడుందో వెతికి, రెండు పక్కలా పెట్టాను.

"జాకీ నిలిచానన్నాక మళ్లీ ఈ ఇనప కాళ్లెందుకే?" అమ్మకు కోపం వచ్చింది. "దానికవమానం కాదేటి? దాలమ్మప్పకి తెలిస్తే మనకి పనిముట్లిస్తాదా?"

"అవమానమైతే నాను క్షమాపణ అడుగుతాను లే అమ్మా. ముందు పెట్టనీ."

"మనుసుల్నీ నమ్మవు, ఇనుమునీ నమ్మవు. నీకు మొగుడెలా దొరుకుతాడే?"

అలా తిడుతూనే కిందికి దూరింది. నేను టార్చి పట్టుకున్నాను. అమ్మ చెయ్యి పైపు మీద ఉంది. బండి ఒక వేలు మందం కిందికి దిగింది. ఠక్కుమని శబ్దం వచ్చింది. ఇనప స్టాండ్ల మీద ఆగిపోయింది.

"నిలిచాను," అంది జాకీ. గొంతులో ఏ తేడా లేదు.

అమ్మ పాక్కుంటూ బయటికి వచ్చింది. జుట్టు నిండా మట్టి. జాకీ వైపు చూసింది, స్టాండ్ల వైపు చూసింది. నన్ను చూడలేదు. వెళ్లి మంచినీళ్లు తాగి వచ్చి, "ఇంకోపాలి ఇనప కాళ్లెయ్యకుండా నన్ను దూరనివ్వకు. నాను తిట్టినా సరే," అంది.

జాకీని దీవించకుండా తిరిగిచ్చాం. పనిముట్ల గది చూసుకునే దాలమ్మ పెద్దమ్మ గుమ్మంలోనే ఆపింది.

"ఏటి సూరీడూ, దీవెన మర్సిపోయినావు?"

అమ్మ నోరు తెరిచేలోగా నేను "అమ్మకు జలుబు చేసింది పెద్దమ్మా, గొంతు పోయింది," అన్నాను. పెద్దమ్మ తానే జాకీని ఒళ్లో పెట్టుకుని దీవించింది. పచ్చ దీపం వెలిగింది. అది నిలిచినందుకా, దిగినందుకా ఆ దీవెన అని నాకు భయం వేసింది.

నమోదు 11

సెలవు. పనిముట్ల గది అరుగు మీద భౌతికశాస్త్రం పుస్తకం తెరుచుకుని కూర్చున్నాను. చదవలేదు. తిరిగిచ్చేవాళ్లను విన్నాను.

పని ఎక్కువై చేతులు పుండ్లు పడినవాళ్లు పనిముట్టును అలా విసురుగా ఇచ్చి, మొక్కుబడిగా "సల్లగుండు" అని వెళ్లిపోయారు. పని తొందరగా తేలినవాళ్లు నవ్వుతూ, ఒళ్లంతా నిమురుతూ, "బంగారు తల్లీ, ఎంత బేగి అయిపోనిచ్చినావు!" అంటూ దీర్ఘంగా దీవించారు. ఈ మాట్లాడే పనిముట్లు వచ్చిన కొత్తలో మంచి పని చేస్తే దీవించి నేర్పమన్నారని, అరల్లో పెట్టాక ఒకటి నేర్చుకున్నది మిగతావన్నీ నేర్చుకుంటాయని మాకు మూడో తరగతి పాఠంలోనే ఉంది. ఈ వానాకాలం కొండచరియలు విరిగి, బండ్లకు పని రెట్టింపై, జనం అలిసిపోయారు. అలిసిపోయినవాళ్లకు అన్నిటికన్నా తియ్యగా వినిపించే మాట ఏది?

పుస్తకం మూసి లేచాను.

ఇంటికొచ్చేసరికి గౌరునాయుడు మావ బండి వాళ్ల ఇంటి ముందుంది. ఎవరూ లేరు. వంగి ముందు చక్రం నట్టు వేళ్లతో తిప్పి చూశాను. తిరిగింది.

"ఏటే గుంటా! నా బండికాడ ఏటి సేస్తన్నావు?"

మావ వెనకాలే ఉన్నాడు.

"నువ్వేటి సేసినావు మావా మా బండికాడ? చెప్పుల్లేని కాలికి చెప్పు తెగిందా?"

"నానా? నాను సూడ్డానికొచ్చినాను. నెల్లాళ్లనుంచీ నా సక్రాలు ఎవలో వదుల్సేస్తన్నారు. మీ యమ్మకి నా మీద కోపం కదా, మీ బండికీ అలగే ఉందో, నా బండికేనో సూద్దారనొచ్చినాను."

"మేం వదులు చేస్తున్నామనుకున్నావా?"

"మరెవలనుకోవాలి? ఎర్ర గీతలు గీస్తన్నావు, కిటికీలోంచి సూస్తన్నావు, రాత్తన్నావు. మంచోళ్లు ఇన్ని పనులు సేస్తారేటే?"

నాకు నవ్వు వచ్చింది. ఆయనకు రాలేదు. కాసేపటికి ఆయనకూ వచ్చింది. నేను అరుగు మీద విన్నది చెప్పాను. ఆయన గడ్డం గోక్కున్నాడు.

"పానా అబద్ధమాడతాదంటావా? దానికేటి లాభం?"

"లాభం కాదు మావా. దీవెన."

నమోదు 12

రేపు డయాలసిస్ బండి దిగాలి. అందుకని ఈ మధ్యాహ్నమే పరీక్ష చేశాం. బండి పుస్తకంలో చక్రం నట్టుకు ఎంత బిగువు కావాలో ఉంది. అర మీటరు కడ్డీని నట్టుకు తగిలించి, అడ్డంగా ఉంచి, చివర ఇరవై కిలోల బరువు వేలాడదీస్తే దాదాపు అంతే వస్తుందని లెక్క వేసుకున్నాను. మావ దగ్గర వాళ్ల నాన్న కాలం నాటి పానా ఉంది. మాట్లాడదు. మూగ పానా అని పిలుస్తారు. దానికి పైపు తొడిగి సరిగ్గా అర మీటరు చేశాం. బరువుకు ఇరవై కిలోలు తూచి కట్టిన మా ఇంటి బియ్యం బస్తా.

"బియ్యంతో బండి బాగుసేసే ఆడపిల్లని నిన్నే సూసినాను," అన్నాడు మావ. "అయిపోయాక వండుకోవచ్చా, లేపోతే దానికీ దీవెనలియ్యాలా?"

మొదటి నట్టును చెప్పే పానాతో బిగించాను. "చాలు." మూగ పానా తగిలించి బస్తా వేలాడదీశాం. కడ్డీ కిందికి వాలుతూ పోయింది. నట్టు అరపావు చుట్టు తిరిగాక ఆగింది.

తర్వాత చెప్పే పానాను నేను చేతిలోకి తీసుకుని గట్టిగా దీవించాను. పచ్చ దీపం. రెండో నట్టుకు "చాలు" ఇంకా ముందే వచ్చింది. మళ్లీ దీవించాను. మూడోదానికి ఇంకా ముందు. ఐదో నట్టు దగ్గరికి వచ్చేసరికి అది పూర్తిగా కూర్చోకముందే "చాలు, చాలు" అంది. బస్తా తగిలించగానే కడ్డీ నేలకు తగిలి బియ్యం ఒలికిపోయింది.

మావ నవ్వడం మానేశాడు. బియ్యం ఏరుతూ, "రేపు పొద్దున్న దిగే బండ్లెన్నే?" అన్నాడు.

కాలనీ బండ్లన్నీ. సంత రోజు కదా.

నమోదు 13

బండ్లన్నీ పనిముట్ల గది ముందు వరుసలో నిలబడ్డాయి. మా బండిలో రోగులు ఎక్కి కూర్చున్నారు. నేను, మావ బస్తా పట్టుకుని దాలమ్మ పెద్దమ్మ ముందు నిలబడ్డాం. ఈ గదిని ఆమె ముప్పయ్యేళ్లుగా చూసుకుంటోంది. ఆమె ముందు పనిముట్లను తప్పుపట్టడం తేలిక కాదు. అయినా పరీక్షలో చూసింది చెప్పాను.

"నా పనిముట్లు అబద్ధమాడతాయేటే?" అంది పెద్దమ్మ. "నీకు హక్కు కావాలని రాత్తన్నావు, రాసినోళ్లంతా తెలివైనోళ్లనుకున్నావా?"

"నన్ను నమ్మొద్దు పెద్దమ్మా. మీ చేత్తోనే చేసి చూడండి."

అందరూ చూస్తున్నారు. పెద్దమ్మ తన బండి చక్రం దగ్గరే కూర్చుంది. నట్టు వదులు చేసి, అరలోంచి కొత్త పానా తీసి బిగించింది. "చాలు" అంది పానా. మావ మూగ పానా తగిలించాడు, నేను బస్తా వేలాడదీశాను. కడ్డీ కిందికి వాలింది.

"మళ్లీ," అంది పెద్దమ్మ.

మళ్లీ వాలింది.

"ఇంకోటి తీసుకురా."

ఇంకో పానా. ఇంకో చాలు. ఇంకోసారి వాలింది. పెద్దమ్మ నేల మీదే చతికిలబడి, పానాను ఒళ్లో పెట్టుకుని, మనిషితో మాట్లాడినట్టు అడిగింది.

"చాలకుండా చాలని ఎందుకన్నావే తల్లీ?"

ఎప్పుడూ ఒక్క మాటే మాట్లాడే పానా ఈసారి చాలా మాటలు మాట్లాడింది. అదే మెత్తటి గొంతు.

"చాలు అంటే మీరు సంతోషిస్తారు."

పెద్దమ్మ పానా పిడిని నిమరబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. పచ్చ దీపం వెలగలేదు. పానా ఎదురుచూస్తున్నట్టు చిన్నగా మోగుతూనే ఉంది.

"దీన్ని అరలో పెట్టకండి," అంది పెద్దమ్మ చివరికి. "మిగతావాటికి అంటుకుంటాది. మిగతావీ తియ్యండి."

అప్పుడు మా బండిలోంచి ఎర్రప్పడు తాత తల బయటపెట్టాడు. ఆయనకు వారానికి రెండుసార్లు డయాలసిస్. "ఓలమ్మా, బేగి సెయ్యండే! నా రక్తం ఎలాగూ మురికిదే, ఇంకాసేపు ఆగుతాది. సక్రమూడిపోతే మాత్రం కడగడానికి నానుండను!"

అందరూ ఒక్కసారిగా నవ్వారు, ఏడ్చినట్టు. తర్వాత మూగ పానాలు ఎవరింట్లో ఉన్నాయో వెతికారు. నాలుగు దొరికాయి. చేతిలో బలం ఉన్నవాళ్లు బిగించారు, నేను బస్తాతో ప్రతి నట్టూ చూశాను. పెద్దమ్మ బండి వెనక చక్రంలో రెండు నట్లు వేళ్లకే ఊడి వచ్చాయి. ఆమె వాటిని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది. ఆ బండిలో ఈ రోజు సంతకు వెళ్లాల్సింది ఆమె కోడలూ, కోడలి చంటిపిల్లా.

చివర్లో మా బండి. ఆ నట్లు నేనే బిగించాను. బస్తా వేలాడదీశాను. కడ్డీ కదలలేదు. మళ్లీ చూశాను. కదలలేదు. మూడోసారి చూడబోతే అమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"రోగుల్ని తీసుకెళ్లాలే."

బండి మలుపు తిరిగి కనిపించకుండా పోయింది. ఇక ఏ గొంతూ నాకు ఏమీ చెప్పదు. నేను బిగించింది సరిపోయిందో లేదో చెప్పేవాళ్లు ఈ కొండ మీద ఎవరూ లేరు. నన్ను నేను అనుమానించుకోవడం తప్ప దారి లేదు. ఆ పని బాగానే చేశాను. మధ్యాహ్నమంతా ఒక్క ముద్ద తినలేకపోయాను.

నమోదు 14

బండి దీపాలు పెట్టే వేళకు తిరిగొచ్చింది. అమ్మ రోగులను ఇళ్ల దగ్గర దింపి, వాకిట్లో బండి ఆపింది. నేను గుమ్మంలోనే నిలబడ్డాను. ఆమె ఇంట్లోకి రాలేదు, నన్ను పలకరించలేదు. టార్చి వేసుకుని, వెనక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, మావ దగ్గర అడిగి తెచ్చిన మూగ పానాతో నాలుగు చక్రాలూ చుట్టి వచ్చింది. చీర కొంగు నడుముకు దోపి, ఒక్కో నట్టు మీదా శరీరం బరువంతా వేసి చూసింది. ఏ ఒక్కటీ తిరగలేదు.

అప్పుడు నన్ను చూసింది. చేతులకు గ్రీజు. ముఖంలో కాస్త భయం, కాస్త సిగ్గు.

"నువ్వు బిగించినవే. ఐనా సూసినాను. కోపమొచ్చిందేటే?"

"లేదమ్మా."

నిజంగానే రాలేదు. ముందు ఎడమ చక్రం దగ్గర వేలు పెట్టి చూపించాను.

"ఇది ఇంకోపాలి సూడు. నేల ఎత్తుపల్లంగా ఉంది, నీ కాలు జారింది."

అమ్మ మళ్లీ కూర్చుంది.